ఆరు అక్షరాల ఖాళీ

ఆయన్ని ఆఫీసులో అందరూ దర్జీ అని పిలిచేవారు. నిజానికి సూదిలో దారం ఎక్కించడం కూడా రాని మనిషి. చొక్కా గుండీ ఊడితే భార్య చేతికిచ్చి పక్కన నిలబడతాడు. అయినా ఆ పేరు ఊరికే రాలేదు. విలేకరులు పంపిన వార్తని పేజీలో ఉన్న జాగాకి సరిపోయేలా కత్తిరించడం, శీర్షిక పొట్టిదైతే ఓ ముక్క అతకడం, పొడుగైతే మడిచి కుట్టడం ఇరవై ఆరేళ్లుగా ఆయన పని. కంప్యూటర్లొచ్చాక కొలతలన్నీ తెరమీదే కనిపిస్తున్నాయి గానీ ఆయన వాటిని నమ్మడు. ఒక కన్ను మూసి, బొటనవేలు తెరకి అడ్డంగా పెట్టి, "మూడక్షరాలు తక్కువ" అంటాడు. అంటే మూడే.

శీర్షికకి కుడిపక్కన తెల్లగా ఖాళీ మిగిలితే ఆయనకి టీ కూడా సహించదు. దాన్ని పన్నూడిన నవ్వు అంటాడు. పన్నూడిన నవ్వుతో తన పేజీ జనం ముందుకి వెళ్లకూడదన్నది ఆయన పట్టుదల. చిన్న పనిలో పెద్ద పట్టుదల ఉన్నవాణ్ణి చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. ఆ ముచ్చటే ఒక్కోసారి ఎవరిదో కొంప ముంచుతుంది, మునిగేది మాత్రం ముచ్చటపడ్డవాళ్ల కొంప కాదు.

మంగళవారం సాయంత్రం ఆరూ ఇరవైకి బస్సు వార్త వచ్చింది. ఊరి వార్తల పేజీ ఏడింటికల్లా అచ్చుకి వెళ్లిపోవాలి. గోదాముల పక్కనున్న వాలు దిగుతూ ఒక సిటీ బస్సు ఇసుకగుట్టని గుద్దుకుని పక్కకి ఒరిగిపోయింది. పదకొండు మందికి దెబ్బలు తగిలాయి, ఎవరికీ ప్రాణాపాయం లేదు. ఫొటో మాత్రం బాగా వచ్చింది. పడుకున్న బస్సు, పగిలిన అద్దం, రోడ్డుమీద ఎవరిదో ఒంటి చెప్పు. ఫొటో చూసి డెస్కు ఇంఛార్జి కళ్లద్దాలు నుదుటిమీదికి తోసుకున్నాడు.

"మూడు కాలాల వెడల్పు ఇచ్చేద్దాం. హెడ్డింగు ఒకే లైను. కానివ్వవయ్యా దర్జీ, టైము లేదు."

దర్జీ టైపు చేశాడు: ‘బస్సు బోల్తా, 11 మందికి గాయాలు’. కన్ను మూసి బొటనవేలు పెట్టాడు. ఆరక్షరాల ఖాళీ. అక్షరాల సైజు ఒక్క మెట్టు పెంచితే గాయాలు రెండో లైనుకి జారిపోతున్నాయి. ‘ఘోరం’ అందామంటే ఎవరూ పోలేదు. ‘అదుపు తప్పి’ అని పెట్టి చూశాడు. కానీ అదే పేజీలో పై వార్తలో ఒక లారీ అప్పటికే అదుపు తప్పి ఇద్దరిని చంపి ఉంది. ఒకే పేజీలో రెండు బళ్లు అదుపు తప్పడం ఏం అందం? తీసేశాడు. ఆరక్షరాల మాట కోసం వార్తంతా వెతికాడు. మూడో పేరాలో దొరికింది: ‘బస్సు నడుపుతున్న మహిళ తలకి స్వల్ప గాయమైంది.’

‘మహిళా డ్రైవర్.. బస్సు బోల్తా, 11 మందికి గాయాలు’.

ఈ అంచు నుంచి ఆ అంచుకి కొలిచి కుట్టినట్టు కూర్చుంది. ఇంఛార్జి వెనకనుంచి చూసి, "భలే పట్టావయ్యా, చదివించే మాట" అన్నాడు. దర్జీ నవ్వాడు. చదివించడం గురించి ఆయన అనుకోనే లేదు, ఖాళీ పోయింది, అంతే. పై వార్తలో లారీని నడిపింది మగవాడో ఆడమనిషో శీర్షికలో లేదు. ఆ లారీ శీర్షికకి ఖాళీ మిగల్లేదు.

కింద వార్త నాలుగు లైన్లు ఎక్కువైంది. కొయ్యాల్సి వస్తే తోకనుంచి కొయ్యాలన్నది ఆ వృత్తిలో చేరినవాడు మొదటిరోజు నేర్చుకునే పాఠం. ముఖ్యమైనదంతా తలలో ఉంటుంది, తోకలో ఉన్నది పోయినా నష్టం లేదు. ఆ రోజు తోకలో ఉన్నది ఇది: ‘బ్రేకు పడలేదనీ, ఎదురుగా కూరగాయల బజారులో జనం ఉండడంతో కావాలనే బస్సుని ఇసుకగుట్ట మీదికి తిప్పాననీ డ్రైవరు చెప్పింది. డిపో అధికారులు పరిశీలిస్తున్నారు.’ దర్జీ చదివే కోశాడు. చదవడమంటే, ఎన్ని లైన్లుందో చూశాడు. ఏడుకి అయిదు నిమిషాలుండగా పేజీ వెళ్లిపోయింది.

దర్జీ భార్య ఆసుపత్రిలో రక్తపరీక్షల గదిలో పనిచేస్తుంది. పొద్దున్న ఆరూ ముప్పావుకల్లా బస్సెక్కాలి. పేపరు ఆరింటికే పడుతుంది. జడ అల్లుకుంటూ పేపరు నేలమీద పరిచి, కాలి బొటనవేలితో పేజీలు తిప్పుతూ, ఏ శీర్షిక మొగుడిదో కనిపెట్టడం ఆవిడకి పెళ్లయినప్పటినుంచీ ఆట. "ఇది మీదే. ఇది కాదు, ఇంత దరిద్రంగా మీరు పెట్టరు. ఇది మీదే." పదిలో తొమ్మిది సరిగ్గా చెబుతుంది. వంటగదిలో పాలు చూస్తూ ఆయన ఊఁ కొడతాడు.

బుధవారం పొద్దున్న ఆట లేదు. జడ సగంలో ఆగిపోయింది. పాలు పొంగుతున్నా ఆయన హాల్లోంచి మాట కోసం చెవి పెట్టి నిలబడ్డాడు.

"ఇది మా బస్సు అమ్మాయండీ" అంది ఆవిడ.

"ఎవరు?"

"నా బస్సు తోలే అమ్మాయి. ఊళ్లో బస్సు తోలే ఆడమనిషి ఆ అమ్మాయొక్కతే. నా మోకాలు సంగతి తెలిసి, రోజూ మెట్టు నా కాళ్ల దగ్గరికొచ్చేలా ఆపుతుంది. మూడేళ్లయింది. ఒక్కరోజు కుదుపు ఎరగను. ఆ అమ్మాయి తోలుతుంటే నేను నిద్రపోతాను తెలుసా, ఇంకెవరి బస్సులోనూ నిద్రపోను."

"దెబ్బలేం పెద్దవి కాదట" అన్నాడాయన.

ఆవిడ పేపరు చేతిలోకి తీసుకుని ఆ లైను మళ్లీ చదివింది, ఈసారి పైకి. తర్వాత తలెత్తి, "ఎవరు పెట్టారు ఈ హెడ్డింగు?" అని అడిగింది.

"డెస్కులో తొమ్మిది మందిమి ఉంటాం. టైము దగ్గరపడితే ఎవరి చేతికి ఏది వస్తే అది."

అబద్ధం కాదు. అందుకే మరీ సిగ్గుగా అనిపించింది. తేలు కుట్టిన దొంగలా వంటగదిలోకి వెళ్లి, పొంగిపోయిన పాలు తుడవడం మొదలుపెట్టాడు. ఎప్పుడూ ఆ గుడ్డ ఎక్కడుంటుందో కూడా ఎరగని మనిషి, పొయ్యి అంతా శుభ్రంగా తుడిచాడు. ఆవిడ గుమ్మంలో కాసేపు నిలబడి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

మధ్యాహ్నం ఆయన ఆఫీసుకి బస్సులో వెళ్తుంటే ముందు సీట్లో ఇద్దరు పేపరు విప్పుకుని కూర్చున్నారు. మామూలుగా అయితే తన శీర్షిక మీద జనం చూపు ఎక్కడ ఆగుతుందో దొంగచాటుగా గమనించడం ఆయనకి సరదా. ఆ రోజు కూడా చూపు అక్కడే ఆగింది.

"చూశారా? చెప్తే వినరు. వంట చేసే చేతికి స్టీరింగిస్తే ఇంతే" అన్నాడు ఒకాయన.

రెండో ఆయన పెద్దమనిషి తరహాగా, "అలా అనకండి, పాపం వాళ్లూ నేర్చుకోవాలిగా. సైకిళ్లూ స్కూటర్లూ అయితే సరే. బస్సంటే అరవై ప్రాణాలు" అన్నాడు.

‘ఆమె ఏం చేసిందో తోకలో ఉందండీ, నేనే కోశాను’ అని దర్జీ అనలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. తను దిగాల్సిన చోటు దాటిపోయాక గానీ తెలీలేదు.

ఆఫీసులో ఇంఛార్జి హుషారుగా ఉన్నాడు. పొద్దుటినుంచీ ఆ వార్త మీద ఫోన్లే ఫోన్లట. అంతమంది ఫోను చేస్తున్నప్పుడు ఊరుకోవడం దేనికి? పాఠకుల అభిప్రాయాలు నాలుగు కాలాల్లో వేద్దామన్నాడు. ‘ఆడవాళ్ల చేతికి బస్సా?’ అని శీర్షిక కూడా తనే చెప్పేశాడు. చివర ప్రశ్నార్థకం పెడితే మనకి పాపం అంటదని ఆయన సిద్ధాంతం.

ముప్ఫై నాలుగు అభిప్రాయాలొచ్చాయి. పన్నెండుకే జాగా. దర్జీ కత్తిరించడానికి కూర్చున్నాడు. ఆడవాళ్లకి బస్సు ఇవ్వకూడదన్నవాళ్లందరూ ఒక్క ముక్కలో చెప్పారు. అలాంటివి కత్తిరించే పనే లేదు, తీసి పెడితే అతుక్కుంటాయి. ఆమె బస్సులో రోజూ వెళ్లేవాళ్లు అయిదుగురు రాశారు. ఎప్పుడు ఎక్కారో, వానలో ఏం జరిగిందో, ముసలాయన దిగేదాకా ఎలా ఆగిందో, అన్నీ వివరంగా, పొడుగ్గా. నిజం చెప్పేవాళ్లకి జాగా ఎక్కువ కావాలని ఆయనకి ఆ రోజు మొదటిసారి తట్టింది. ఆ అయిదింట్లో రెండిటిని ఎలాగో కుదించి ఇరికించాడు. మిగిలినవాటికోసం ఆడవాళ్లు వద్దన్నవి ఇంకో రెండు తీసేస్తానంటే ఇంఛార్జి, "ఏంటయ్యా, నువ్వూ లేడీస్ బస్సెక్కావా?" అని నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. దర్జీ కూడా కొంచెం నవ్వాడు, ఆ కొంచెం తర్వాత చాలా రోజులు ఆయన్ని తిన్నది.

గురువారం ఆయన పెందలాడే ఆఫీసుకి వెళ్లి పాత పేపర్ల గదిలో కూర్చున్నాడు. నెలకొక బైండు చొప్పున గోడ నిండా ఉన్నాయి. ఎందుకు తెరిచాడో ఆయనకే సరిగ్గా తెలీదు. బహుశా తను అంత చెడ్డవాణ్ణి కాదని రుజువు దొరుకుతుందనుకున్నాడేమో.

తన శీర్షికలు తనకి గుర్తే. వేలు పెట్టుకుంటూ పోయాడు. ‘ఇద్దరు పిల్లల తల్లికి భౌతికశాస్త్రంలో స్వర్ణం’. ఆ పిల్లల తల్లి ఏం కనిపెట్టిందో చూద్దామని కిందికి చదివితే వార్తలో లేదు. ఎవరు కోశారో అడగక్కర్లేదు. ‘మహిళా సర్జన్ నిర్లక్ష్యం’ అని ఒకటి. దాని పక్క నెలలోనే ‘శస్త్రచికిత్సలో నిర్లక్ష్యం’, ఆ సర్జన్ మగాయన. ‘చిరునవ్వుల జడ్జి పదవీ విరమణ’. ఆ జడ్జి ఫొటోలో నవ్వడం లేదు. తండ్రి అన్న మాట కోసం కూడా వెతికాడు. ‘ముగ్గురు పిల్లల తండ్రి’ రెండుచోట్ల దొరికాడు, రెండుచోట్లా చచ్చిపోయి ఉన్నాడు. మగవాడు పిల్లల తండ్రి కావాలంటే చావాలి కాబోలు అనుకున్నాడు. నవ్వొచ్చింది గానీ నవ్వలేకపోయాడు.

ఒక్కటీ కోపంతో పెట్టింది కాదు. ఆడవాళ్లంటే ఆయనకి చిన్నచూపు ఉందని ఎవరైనా అంటే పడీపడీ నవ్వేవాడు. తల్లి పెంచిన కొడుకు, భార్య మాట జవదాటని మొగుడు. ఆ మాటలన్నీ ఎప్పుడూ చేతికి అందే దూరంలో ఉండేవి, ఖాళీ కనపడగానే చెయ్యి వాటిమీదికే పోయేది. అంతకుమించి ఏమీ లేదు. ఏమీ లేకపోవడం చూసే ఆయనకి ఆ గదిలో భయం వేసింది.

రాత్రి ఇంటికొచ్చేసరికి భార్య బల్ల దగ్గర కూర్చుని మోకాలికి మందు రాసుకుంటోంది.

"ఇవాళ డిపోకి వెళ్లానండీ" అంది తలెత్తకుండా. "ఆ అమ్మాయిని బస్సు మీంచి తీసేసి విచారణ కిటికీలో కూర్చోబెట్టారు. ఏ బస్సు ఎన్నింటికో చెప్పే ఉద్యోగం. తలకి కట్టుంది. నన్ను చూసి, మోకాలు ఎలా ఉంది మేడం అని అడిగింది."

"విచారణ అయ్యేదాకా అలా చేస్తారేమో."

"విచారణ కాదు. మేనేజరు చెప్పాడట, నీమీద నాకేం లేదమ్మా, జనం భయపడుతున్నారు, పేపర్లో అలా వచ్చాక నీ బస్సు ఎవరెక్కుతారు అని. జనంలో ఆ భయం పోయిందనిపిస్తే సోమవారం తాళాలిస్తాను, లేదంటే ఆ కిటికీయే నీకు ఖాయం అన్నాడట. శిక్షణలో ఇంకో ఆరుగురు ఆడపిల్లలున్నారు. వాళ్లనీ ఇళ్లకి పంపేశారు, మళ్లీ పిలుస్తామని."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. బల్లమీద మందు సీసా మూత ఉంది. దాన్ని తీసి సీసాకి బిగించాడు, విప్పాడు, మళ్లీ బిగించాడు.

"ఆ హెడ్డింగు నేనే పెట్టాను."

"తెలుసు" అంది ఆవిడ.

"ఎప్పుడు?"

"నిన్న పొద్దున్నే. ఈ చివర్నుంచి ఆ చివరికి వెంట్రుక దూరే సందు లేదు. అలా ఇంకెవరు పెడతారండీ? మీరే చెప్తారని చూశాను."

ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. ఆవిడ కాలు కిందికి దింపి, నెమ్మదిగా లేచి, చేతులు కడుక్కోవడానికి వెళ్లింది. అక్కణ్ణుంచే అంది: "అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. తొక్కనైతే తొక్కారు. కడుగుతారో లేదో చూడండి. మీ కాలు కాదు, ఆ పిల్లది."

కడిగే అవకాశం శుక్రవారమే వచ్చింది, వెతుక్కుంటూ వచ్చింది. డిపో మెకానిక్కుల నివేదిక బయటపడిందని విలేకరి పదహారు లైన్లు పంపాడు. బ్రేకు గొట్టం పగిలి ఉంది. బ్రేకు మెత్తబడిందన్న డ్రైవరు ఫిర్యాదు ముందు వారంలోనే మూడుసార్లు డిపో ఫిర్యాదుల పుస్తకంలోకి ఎక్కింది, ఎవరూ పట్టించుకోలేదు. బస్సుని గుట్ట మీదికి తిప్పకపోయి ఉంటే బజారులో ప్రాణాలు పోయేవి. అన్నిటికన్నా చివర, పదిహేనో లైన్లో, ఆమె పేరు, పని చేసిన ఏళ్లు.

దర్జీ ఆ కాగితం పట్టుకుని ఇంఛార్జి బల్ల దగ్గరికి వెళ్లాడు. ఇరవై ఆరేళ్లలో జాగా కోసం ఎవరినీ బతిమాలి ఎరగడు, ఇచ్చిన జాగాలో సర్దడమే ఆయన గొప్పతనం.

"ఇది మూడు కాలాల్లో వెయ్యాలి. అదే చోట."

"మూడు కాలాలా? ఫొటో ఏది?"

"అదే ఫొటో వెయ్యండి."

"పడుకున్న బస్సు మళ్లీ చూపిస్తే జనం ఇంకోటి పడిందనుకుంటారు." ఇంఛార్జి మంచివాడే. నిజంగానే ఆలోచించాడు. పేజీ నక్షా తెరిచి చూశాడు. "పైన మంత్రిగారి సభ, పక్కన మునిసిపాలిటీ, కింద ప్రకటన కదలదు. ఒక్క కాలం, ఎనిమిది లైన్లు, అడుగున. అదీ నీ మొహం చూసి. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏమొస్తుందయ్యా, నీకెందుకింత ఇది?"

"నేను పెట్టిన హెడ్డింగు వల్లే ఆమెని దింపేశారు."

ఇంఛార్జి కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టాడు. "నేనూ చూశానుగా. నేనూ బాగుందన్నాను" అన్నాడు కొంచెం ఆగి. "సరే, పది లైన్లు తీసుకో. అంతకన్నా నా చేతిలో లేదు."

దర్జీ తన చోటికొచ్చి కూర్చున్నాడు. ఒక్క కాలం, రెండు లైన్ల శీర్షిక. చాలాసేపు ఏమీ టైపు చెయ్యలేదు. ఈసారి ఆ మాట పెట్టకూడదు. అది మటుకు ఆయనకి స్పష్టంగా తెలుసు. మొదటి తప్పంతా ఆ మాటదే. డ్రైవరు డ్రైవరే, ఆడా లేదు మగా లేదు. ఆ న్యాయం ఇప్పటికైనా తన చేత్తో జరగాలి.

‘బ్రేకులదే లోపం’ అని పై లైను. ‘డ్రైవర్ తప్పు లేదు’ అని కింది లైను.

కింది లైనుకి కుడిపక్క మూడక్షరాల ఖాళీ మిగిలింది. ఇంఛార్జి అటుగా వెళ్తూ చూసి ఆగాడు.

"ఖాళీ ఉందిగా. ‘మహిళా’ అని పెట్టు, సరిగ్గా పడుతుంది. అప్పుడు పెట్టి ఇప్పుడు మానెయ్యడమేంటి?"

"అక్కర్లేదు. ఖాళీ ఉండనివ్వండి."

ఇంఛార్జి ఆయన మొహంలోకి వింతగా చూశాడు. దర్జీ ఖాళీ ఉండనివ్వమనడం ఆ డెస్కులో ఎవరూ వినలేదు. "నీ ఇష్టం" అని వెళ్లిపోయాడు.

తర్వాత పదహారు లైన్లని పదికి తేవాలి. ఫిర్యాదుల పుస్తకం సంగతి ఉంచాలి, బజారు సంగతి ఉంచాలి. ఒక్కో మాటనీ పిండి చూశాడు. చివరి ఆరు లైన్లు ఎంత చేసినా పట్టలేదు. ఏడుకి పది నిమిషాలుంది. చెయ్యి తనకి తెలిసిన పని చేసింది. తోక పోయింది.

పేజీ వెళ్లిపోయాక ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. తన శీర్షిక పక్కన తెల్లటి ఖాళీని తనే ఉంచుకుని చూసుకోవడం ఆయన జీవితంలో మొదటిసారి. అది పన్నూడిన నవ్వులా అనిపించలేదు. ప్రాయశ్చిత్తంలా అనిపించింది. ఆ రాత్రి మూడురోజుల తర్వాత కడుపునిండా తిన్నాడు.

శనివారం పొద్దున్న పేపరు మడిచి చేత్తో పట్టుకుని డిపోకి వెళ్లాడు. రెండు వరసల బస్సులు, డీజిలు వాసన, తడిసిన సిమెంటు నేల. విచారణ కిటికీ ఒక మూల ఉంది. ఇనుప కమ్మీల వెనక ఆమె ముప్ఫై అయిదేళ్ల మనిషి, ఖాకీ చొక్కా, తలకి కట్టు. బల్లమీద రెండు చేతులూ ఎడంగా పెట్టుకుని కూర్చుంది, బస్సు స్టీరింగు పట్టుకునేంత ఎడంగా. అలా కూర్చుందని ఆమెకి తెలిసినట్టు లేదు.

"ఏ బస్సు కావాలి సార్?"

ఆయన తను ఎవరి భర్తో చెప్పాడు. ఆమె మొహం విచ్చుకుంది. "మేడం గారా. కూర్చోమనడానికి ఇక్కడ కుర్చీ లేదు సార్, ఏమనుకోకండి" అంది.

"నేను పేపర్లో పనిచేస్తానమ్మా. మంగళవారం ఆ హెడ్డింగు పెట్టింది నేనే."

ఆమె చేతులు బల్లమీంచి కిందికి వెళ్లాయి. ఆయన ఇంటినుంచి వచ్చేదారిలో ఎన్నో మాటలు పేర్చుకుని వచ్చాడు. నోరు తెరిస్తే అసలు మాటే వచ్చింది.

"నీమీద నాకేం కోపం లేదమ్మా. నువ్వెవరో కూడా నాకు తెలీదు. లైను నిండలేదు. ఆరక్షరాలు తక్కువొచ్చాయి. అందుకని పెట్టాను."

ఆ మాట చెబితే బరువు తగ్గుతుందనుకున్నాడు. కావాలని చెయ్యలేదని తెలిస్తే ఎదుటి మనిషి మనసు కాస్త మెత్తబడుతుందని ఎవరైనా అనుకుంటారు.

"ఖాళీ నింపడానికా?" అంది ఆమె.

"అవునమ్మా."

"నేను ఇంకోలా అనుకున్నాను సార్. రాసినాయనకి ఎవరో ఆడ డ్రైవరు వల్ల ఏదో అయి ఉంటుంది, అందుకే కడుపుమంటతో రాశాడేమో అనుకున్నాను. అలాగైతే ఎదురుపడి అడగొచ్చు, పోట్లాడొచ్చు. మూడు రాత్రులు మనసులో పోట్లాడాను కూడా." ఆమె కాసేపు కమ్మీల వైపు చూసింది. "ఖాళీ కోసమంటే ఇంకేం మాట్లాడతాం."

దర్జీ మడిచిన పేపరు విప్పి కమ్మీల సందులోంచి లోపలికి జరిపాడు. "ఇవాళ సరిదిద్దాం. చూశావా?"

"చూశాను సార్. పొద్దున్నే చూశాను. మెకానిక్కులు చూపించారు."

"మేనేజరుగారికి చూపించు. సోమవారం లోపల. జనం కూడా చదువుతారు కదా, భయం పోతుంది."

ఆమె జవాబు చెప్పబోయింది. అంతలో ఆయన పక్కనుంచి ఒక పెద్దావిడ గొడుగు కర్ర ఊతంగా కిటికీ దగ్గరికొచ్చింది. చంకలో సంచీ, సంచీలోంచి బయటికి కనిపిస్తూ ఆ రోజు పేపరు.

"అమ్మాయ్, ఆసుపత్రి బస్సు ఎన్నింటికి?"

"తొమ్మిదిన్నరకి పెద్దమ్మా. అదిగో, ఆ చివరున్నది."

"దాన్ని ఆడమనిషి తోలదు కదా? ఆ పడేసిన పిల్ల?"

బుధవారం బస్సులో నోరు మెదపని దర్జీ ఈసారి మెదిపాడు.

"ఆమె తప్పేం లేదమ్మా. బ్రేకులు పాడయ్యాయి. ఆమె వల్లే అందరూ బతికారు. ఇవాళ పేపర్లో వచ్చింది, మీ దగ్గరుందిగా."

పెద్దావిడ ఆయన్ని కిందినుంచి పైదాకా చూసింది. పేపరు చదవని మనిషిలా కనపడుతున్నానా అన్నట్టుంది ఆ చూపు. "నేను పేపరు మొదలు చివర చదువుతాను బాబూ, ప్రకటనలతో సహా. ఆడ డ్రైవరు సంగతి ఇవాళ ఏమీ రాలేదు."

"అడుగున ఉందమ్మా. బ్రేకులదే లోపం అని."

"అదా? అది ఎవరో డ్రైవరు సంగతి. పేరూ ఊరూ లేదు. ఎవడైతేనేం పాపం, నిజం బయటపడింది. ఈ పిల్లది వేరు బాబూ. ఈ పిల్ల సంగతి మొన్న పెద్దక్షరాల్లో వేశారు, మహిళా డ్రైవరని. నేను బాగా చదివాను."

దర్జీ పేపరు వైపు చూశాడు. కమ్మీల అవతల, ఆమె చేతి పక్కన, తెరిచి ఉంది. రెండు లైన్ల శీర్షిక, కుడిపక్కన మూడక్షరాల ఖాళీ. తప్పు జరిగిన రోజు ఆమె ఆడది. తప్పు లేదని తేలిన రోజు ఎవరో డ్రైవరు. ఆ ఖాళీ ఎవరిదో ఆయనకి అప్పుడు అర్థమైంది. ఇంఛార్జి పెట్టమన్నాడు కూడా. వద్దన్నది తనే, న్యాయం చేస్తున్నాననుకుని.

ఇంకో వార్త వేయించాలంటే ఇంఛార్జి ఒప్పుకోడు. ఒకే ప్రమాదం మీద మూడోసారి ఎవరూ వెయ్యరు. వేసినా ఆదివారం అడుగున ఎక్కడో వేస్తారు, సోమవారం పొద్దున్నే మేనేజరు నిర్ణయం. ఇవన్నీ ఆయనకి లెక్కలు కట్టక్కర్లేకుండానే తెలుసు. అయినా అడుగుతాను అనుకున్నాడు. అడగడానికి నోట్లో మాటలు వెతుక్కుంటూ కిటికీ వైపు తిరిగాడు.

"నేను మళ్లీ వేయిస్తానమ్మా. నీ పేరుతో."

"వద్దులెండి సార్" అంది ఆమె. గొంతులో విసుగు లేదు. "మీరు అబద్ధమేం రాయలేదు. అప్పుడూ రాయలేదు, ఇప్పుడూ రాయలేదు."

తర్వాత ముందుకి వంగి, పెద్దావిడకి వినపడేలా కాస్త గట్టిగా చెప్పింది. "ఆడమనిషి కాదు పెద్దమ్మా. మగాయనే. ధైర్యంగా ఎక్కండి."

పెద్దావిడ గొడుగు ఊతంగా బస్సుల మధ్యనుంచి నడిచి వెళ్లింది. ఆ చివరి బస్సు మెట్టు ఎత్తుగా ఉంది, నేలకీ దానికీ మధ్య చాలా జాగా ఉంది. కమ్మీల వెనకనుంచి ఆమె ఆ మెట్టునే చూస్తోంది, కుర్చీలోంచి సగం లేచింది, మళ్లీ కూర్చుంది. పెద్దావిడ కమ్మీ పట్టుకుని, రెండుసార్లు ప్రయత్నించి కాలు పైకి పెట్టింది. ఎక్కేముందు మెడ చాచి, డ్రైవరు సీట్లో ఎవరున్నారో ఒకసారి చూసుకుంది.